పాత ఇంటి కంప్యూటర్‌కు అర్హత లేని విండోస్ 11 వేయాలా, ఉన్నదాన్నే కొనసాగించాలా, లినక్స్‌కు మారాలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ మరుసటి రోజు కూడా కంప్యూటర్ ఎప్పటిలాగే ఆన్ అయింది, ఫైళ్లు తెరుచుకున్నాయి, ప్రింటర్ పనిచేసింది. ఆగిపోయినవి నెలనెలా వచ్చే భద్రతా సవరణలు మాత్రమే. పైకి ఏమీ మారనట్లు కనిపించడం వల్లనే చాలా ఇళ్లలో ఈ విషయాన్ని వాయిదా వేస్తున్నారు. కొందరేమో ఎవరో చెప్పిన మాట విని, ఆ కంప్యూటర్‌కు అర్హత లేదని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెబుతున్న విండోస్ 11ను అడ్డదారిలో వేయించుకుంటున్నారు. ఆ అడ్డదారి తప్పని నేను అనను. అది ఎవరికి సరిపోతుంది, ఎవరికి సరిపోదు అన్నది తెలియకుండా దిగితే మాత్రం ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇదే కూడలిలో నిలబడవలసి వస్తుంది.

తెనాలిలో మా నాన్నగారి గదిలో ఉన్న సిస్టమ్‌ను 2014లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించాం. నాలుగో తరం ఇంటెల్ కోర్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. ఆయన తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందారు. గుడి కమిటీ కరపత్రాలు, బంధువుల శుభలేఖలు, తాను రాసుకునే పద్యాలు అనూ ఫాంట్లలో టైపు చేసి, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్ మీద తీసుకుంటారు. పింఛను జమ అయిందో లేదో బ్యాంకు వెబ్‌సైట్‌లో చూసుకుంటారు. "ఏరా, మద్దతు అయిపోయిందంటోంది, ఇక ఇది పనిచేయదా?" అని ఆయన ఫోన్ చేసి అడిగినప్పుడు, ఉన్న దారులన్నీ ఒక కాగితం మీద రాసి పోల్చి చూశాను. ఈ వ్యాసానికి ఆ కాగితమే ఆధారం.

## ముందుగా తేల్చుకోవలసింది: నిజంగా అర్హత లేదా?

విండోస్ 11 అడిగేవి ఇవి: కనీసం రెండు కోర్ల 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, సెక్యూర్ బూట్‌కు (నమ్మదగిన ప్రోగ్రామ్‌తోనే కంప్యూటర్‌ను మొదలుకానిచ్చే రక్షణకు) వీలున్న యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన, యంత్రాన్ని మొదలుపెట్టే లోపలి ప్రోగ్రామ్), టీపీఎం 2.0 అనే భద్రతా చిప్. వీటికి తోడు ప్రాసెసర్ పేరు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో ఉండాలి. కొద్దిపాటి మినహాయింపులు తీసేస్తే, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుంచి ఆ జాబితా మొదలవుతుంది. ప్రాసెసర్ పేరులో చిన్న గీత తర్వాత వచ్చే అంకెను చూస్తే తరం తెలుస్తుంది. ఐ3-4130 అయితే నాలుగో తరం, ఐ5-8400 అయితే ఎనిమిదో తరం.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ప్రాసెసర్ ఎనిమిదో తరానిదే అయినా, పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ ఉచిత సాధనం "అర్హత లేదు" అని చూపవచ్చు. దానికి కారణం తరచుగా బయోస్‌లో టీపీఎం ఆపి ఉండడమే. ఇంటెల్ బోర్డులలో దానిని పీటీటీ అని, ఏఎండీ బోర్డులలో ఎఫ్‌టీపీఎం అని రాసి ఉంటుంది. దానిని ఆన్ చేసి, హార్డ్‌డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో (డిస్క్‌ను భాగాలుగా విభజించే పాత తీరులో) ఉంటే జీపీటీకి మార్చి (ఆ సాధనం విండోస్ 10లోనే ఉంది), సెక్యూర్ బూట్‌ను అమర్చితే సరిపోతుంది. అటువంటి కంప్యూటర్‌కు విండోస్ 11 రాచమార్గంలోనే వస్తుంది కనుక, దాని యజమానికి ఈ వ్యాసంతో పని లేదు. ఏ మార్పు చేసినా ముందుగా ఫైళ్ల నకలు తీసుకోవడం మాత్రం మరిచిపోకూడదు.

## దేనిని బట్టి ఎంచుకోవాలి

ఈ చర్చ ఎక్కడ జరిగినా ప్రాసెసర్ వేగం, ర్యామ్ పరిమాణం ముందుకు వస్తాయి. నా దృష్టిలో అవి మూడో స్థానంలో ఉండవలసినవి.

మొదటి ప్రశ్న ఆ కంప్యూటర్‌ను ఏడాది తర్వాత ఎవరు చూస్తారన్నది. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ను నడిపే విండోస్ వంటి మూల ప్రోగ్రామ్) వేసే రోజున ఇంట్లో ఎవరో ఒకరు ఉత్సాహంగా కూర్చుంటారు, పెన్‌డ్రైవ్ తయారు చేస్తారు, అర్ధరాత్రి దాకా మేలుకొని పని ముగిస్తారు. పండుగ సెలవులు అయిపోగానే వారు హైదరాబాద్‌కో, బెంగళూరుకో, డాలస్‌కో వెళ్లిపోతారు. ఆ తర్వాత నవీకరణ మధ్యలో ఆగిపోతే, దానిని చూసేది అమ్మానాన్నలు మాత్రమే. కనుక ప్రతి దారినీ దాని వెనుక ఉన్న నిర్వహణ భారంతో కలిపి తూచాలి.

రెండో ప్రశ్న విండోస్‌ను వదలలేని పని ఏదైనా ఉందా అన్నది. మన ఇళ్లలో అటువంటివి కొన్నే ఉంటాయి, కానీ గట్టిగా ఉంటాయి. డీటీపీ చేసేవారికి అనూ, పేజ్‌మేకర్. లెక్కలు రాసేవారికి ట్యాలీ. సంస్థల తరఫున రిటర్నులు దాఖలు చేసేవారికి డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెన్. వేలిముద్రల యంత్రం పెట్టుకున్నవారికి దాని డ్రైవర్ (ఆ యంత్రాన్ని ఓఎస్‌తో కలిపే ప్రోగ్రామ్). ఇవేవీ లేని ఇంట్లో కంప్యూటర్ అంటే ఆచరణలో ఒక బ్రౌజర్ మాత్రమే.

మూడోది యంత్రం స్థితి. ఇందులోనూ ప్రాసెసర్ కంటే ముందు చూడవలసింది డిస్క్. తిరిగే హార్డ్‌డిస్క్ మీద ఏ కొత్త ఓఎస్ వేసినా అది నత్తనడకే నడుస్తుంది. అదే సిస్టమ్‌కు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగవంతమైన డిస్క్) పెడితే, ఓఎస్ మార్చకుండానే "కొత్త కంప్యూటర్ కొన్నారా" అని అడిగేంత తేడా కనిపిస్తుంది. ఎస్ఎస్‌డీకి పెట్టే డబ్బు లేకపోతే, ఓఎస్ మార్చే ఆలోచనను కూడా కొంతకాలం ఆపుకోవడమే మంచిది.

## విండోస్ 10లోనే ఉండి, పొడిగించిన భద్రతా నవీకరణలు తీసుకోవడం

మైక్రోసాఫ్ట్ ఇంటి వాడకందారులకు ఈఎస్‌యూ పేరుతో ఒక పొడిగింపు ఇచ్చింది. విండోస్ 10 22హెచ్2 వెర్షన్ ఉన్న కంప్యూటర్లకు ఇది 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా సవరణలను అందిస్తుంది. దీనిని మూడు విధాలుగా పొందవచ్చు: కంప్యూటర్ సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేసుకుంటే ఉచితంగా, 1000 రివార్డ్స్ పాయింట్లు ఇచ్చి, లేదా 30 డాలర్లకు సమానమైన స్థానిక ధర చెల్లించి. ఏ విధంగా తీసుకున్నా మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరి. గడువు ముగిసేలోపు ఎప్పుడు నమోదు చేసుకున్నా, అంతకుముందు వచ్చిన సవరణలు కూడా అందుతాయి.

ఉచిత పద్ధతిలో చేరేటప్పుడు ఒక మెలిక ఉంది. సెట్టింగులు సింక్ అయితే చాలు. బ్యాకప్ తెరలో అన్నింటికీ "సరే" అంటూ పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లన్నీ వన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం మొదలవుతుంది. అక్కడ ఉచితంగా దొరికే 5 జీబీ స్థలం మనవల ఫోటోలతోనే నిండిపోయి, "స్థలం కొనండి" అన్న సందేశాలు రోజూ వస్తాయి. పెద్దవారు ఆ సందేశం చూసి ఏదో పాడైందని కంగారు పడతారు.

ఈ దారికి ఉన్న గొప్ప గుణం, ఇంట్లో ఎవరూ కొత్తగా ఏదీ నేర్చుకోవలసిన పని లేకపోవడం. లోపం కూడా స్పష్టమే: ఇది గడువు కొనుక్కోవడం మాత్రమే. అయితే ఆ గడువు తీరిన రోజే కంప్యూటర్ నిరుపయోగం అవుతుందన్న భయం అక్కర్లేదు. విండోస్ 7 విషయంలో మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయినా, క్రోమ్ బ్రౌజర్ 2023 మొదట్లో 109వ వెర్షన్‌తో దానిని వదిలేసే వరకు వెబ్‌సైట్లు బాగానే తెరుచుకున్నాయి. విండోస్ 10లో ఎడ్జ్ బ్రౌజర్‌కు, డిఫెండర్ వైరస్ నిర్వచనాలకు 2028 అక్టోబర్ వరకు నవీకరణలు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. బ్రౌజర్ తాజాగా ఉన్నంత మాత్రాన కింద ఉన్న ఓఎస్‌లోని రంధ్రాలు పూడవు. కాబట్టి ఈఎస్‌యూ గడువు తర్వాత ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయవద్దని నా సలహా.

## అర్హత లేని కంప్యూటర్‌లో విండోస్ 11

ఎక్కువమంది అడిగేది దీని గురించే కనుక కొంత వివరంగా చెబుతాను.

పద్ధతి కష్టమైనది కాదు. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో దొరికే అసలైన విండోస్ 11 ఐఎస్ఓ ఫైలును (ఓఎస్ మొత్తాన్ని ఒకటిగా కట్టిన ఫైలును) దించుకొని, రూఫస్ అనే ఉచిత సాధనంతో 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ మీద రాస్తే, అది మధ్యలో ఒక పెట్టె చూపి టీపీఎం, సెక్యూర్ బూట్, ర్యామ్ తనిఖీలను తీసేయాలా అని అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా స్థానిక ఖాతాతో మొదలుపెట్టే వీలు కూడా అదే పెట్టెలో ఉంటుంది. ఫార్మాట్ చేయకుండా, ఉన్న విండోస్ 10 మీదనే అప్‌గ్రేడ్ కావాలనుకుంటే, విండోస్ నడుస్తుండగానే ఆ పెన్‌డ్రైవ్‌లోని సెటప్‌ను తెరవవచ్చు, రూఫస్ 4.6 నుంచి ఈ వీలు కూడా ఉంది. ఇలా అప్‌గ్రేడ్ చేసినప్పుడు నచ్చకపోతే 10 రోజులలోపు వెనక్కి, అంటే విండోస్ 10కు, తిరిగి రావచ్చు. అసలైన విండోస్ 10 లైసెన్సు అదే యంత్రం మీద విండోస్ 11కూ చెల్లుతుంది.

ఇంతవరకు ఉత్సాహం కలిగించే విషయాలు. ఇక రెండో వైపు చూద్దాం.

ఇటువంటి కంప్యూటర్‌కు నవీకరణలు అందుతాయన్న హామీ లేదని, అవి పొందే హక్కు కూడా లేదని మైక్రోసాఫ్ట్ ముందుగానే చెబుతోంది. ఆచరణలో నెలవారీ సవరణలు వస్తూనే ఉన్నాయి. రానిది ఏటా విడుదలయ్యే పెద్ద వెర్షన్. హోమ్, ప్రో రకాలలో ఒక్కొక్క పెద్ద వెర్షన్‌కు రెండేళ్ల ఆయుష్షు ఉంటుంది: 24హెచ్2కు (2024 రెండో సగపు వెర్షన్‌కు) 2026 అక్టోబర్ 13 వరకు, 25హెచ్2కు 2027 అక్టోబర్ 12 వరకు. గడువు దాటాక ఆ వెర్షన్‌కు నెలవారీ సవరణలు కూడా ఆగిపోతాయి. కాబట్టి కనీసం రెండేళ్లకు ఒకసారి ఎవరో ఒకరు మళ్లీ పెన్‌డ్రైవ్ తయారు చేసి, అదే తంతు చేతితో జరిపించాలి. ఆ ఎవరో ఒకరు లేని ఇంట్లో ఇది విండోస్ 10 సమస్యనే కొత్త గోడ రంగుతో తిరిగి తెస్తుంది.

పైగా ఈ తలుపు ఎంతకాలం తెరిచి ఉంటుందో మన చేతిలో లేదు. కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్ కాలపు కంప్యూటర్లలో ఇలాగే 23హెచ్2 వేసుకొని సంతోషించినవారు ఉన్నారు. 24హెచ్2 మాత్రం ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు ఉండాలని పట్టుబట్టింది. అవి లేకపోతే ఓఎస్ బూటే కాదు. ఏ చిట్కా పనిచేయదు. ఇంటెల్‌లో మొదటి తరం కోర్ ఐ శ్రేణి నుంచి ఆ ఆదేశాలు ఉన్నాయి కనుక 2010 తర్వాతి కోర్ ఐ సిస్టమ్‌లకు ప్రస్తుతం ఇబ్బంది లేదు. ఏఎండీలో అథ్లాన్ 2, ఫెనమ్ 2 వాడుతున్నవారికి ఈ దారి మూసుకుపోయినట్లే.

వేగం విషయంలోనూ మాయ ఏమీ జరగదు. 4 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ 11 వస్తుంది కానీ, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి ఆయాసపడుతుంది. 8 జీబీ, ఎస్ఎస్‌డీ రెండూ ఉంటేనే ఈ దారి గురించి ఆలోచించాలని నా అభిప్రాయం. మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణకు అవసరమైన సదుపాయం ఇంటెల్‌లో ఏడో తరం నుంచే ప్రాసెసర్‌లో ఉంది. అంతకంటే పాతవాటిలో దానిని ఆన్ చేస్తే సిస్టమ్ నెమ్మదిస్తుంది. పాత గ్రాఫిక్స్‌కు, వైఫైకి చాలాసార్లు విండోస్ 10 డ్రైవర్లే వాడుకోవలసి వస్తుంది. పిల్లలు వాలరెంట్ ఆడే ఇల్లయితే మరొక మాట: విండోస్ 11లో ఆ ఆట టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉన్నాయా అని తనిఖీ చేస్తుంది. అవి లేని అడ్డదారి విండోస్ 11లో అది తెరుచుకోదు. ఓఎస్ మార్చిన పెద్దన్నయ్య మీద తమ్ముడు అలిగే సందర్భం ఇది.

ఇన్ని చెప్పినా, ట్యాలీ వంటివి వాడుతూ, ఇంట్లో కాస్త తెలిసిన మనిషి ఉన్నవారికి, నాలుగు నుంచి ఏడో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లో ఇది పనికొచ్చే దారే. సవరణలు లేని విండోస్ 10 కంటే, సవరణలు అందుతున్న అనర్హపు విండోస్ 11 భద్రమైనది.

## లినక్స్ మింట్

విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఓఎస్ అయిన లినక్స్‌లో వందల రకాలు ఉన్నా, విండోస్ అలవాటైన ఇంటికి నేను సూచించేది మింట్ మాత్రమే. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం, అన్నీ కళ్లకు అలవాటైన చోట్లే ఉంటాయి. 2024లో వచ్చిన మింట్ 22 శ్రేణికి 2029 వరకు మద్దతు ఉంది. 2 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుందని తయారీదారులు చెబుతారు, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుందని సూచిస్తారు. మరీ పాత యంత్రానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపాన్ని ఎంచుకోవాలి. టీపీఎం, ఆమోదిత ప్రాసెసర్ జాబితా వంటి షరతులు లేవు.

విండోస్‌కు లేని పెద్ద సౌకర్యం ఇందులో ఒకటుంది. ఓఎస్‌ను వేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. ఆ గంటలో వైఫై పట్టుకుంటుందా, శబ్దం వస్తుందా, యూట్యూబ్ ఆగకుండా ఆడుతుందా, ప్రింటర్ కనిపిస్తుందా, ఈ నాలుగూ పరీక్షించుకుంటే నిర్ణయం దానంతట అదే తేలిపోతుంది. ప్రింటర్ల విషయంలో జాగ్రత్త అవసరం. మన దగ్గర ఇంటింటా కనిపించే లేజర్‌జెట్ 1020కి హెచ్‌పీ వారి అదనపు ప్లగిన్ దించుకుంటేనే ప్రింటు వస్తుంది. కెనాన్ ఎల్‌బీపీ 2900 ఉన్నవారు మరింత ఓపిక పట్టాలి. దాని పాత డ్రైవర్‌ను కొత్త లినక్స్‌లో కుదిర్చే సరికి తల ప్రాణం తోకకు వస్తుంది.

తెలుగు చదవడానికి, రాయడానికి లినక్స్‌లో లోటు లేదు. ఐబస్ అనే టైపింగ్ సాధనంతో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి కీబోర్డులు దొరుకుతాయి. పోతన, వేమన, లోహిత్, నోటో ఫాంట్లు ఉచితం. అసలు చిక్కు యూనికోడ్‌కు (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే ప్రమాణానికి) ముందటి ఫాంట్లతో వస్తుంది. అనూలో టైపు చేసిన పాఠాన్ని ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే, తెలుగు అక్షరాల స్థానంలో రోమన్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. నాన్నగారి సీస పద్యం ఒకటి అలా తెరిచి చూపించినప్పుడు ఆయన కళ్లద్దాలు తుడుచుకొని మరోసారి చూసి, "ఇది నేను రాసింది కాదు" అన్నారు. యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి కానీ, మార్చాక ప్రతి పుటనూ చదివి సరిచూసుకోక తప్పదు. అనూను, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ అనే పొర మీద నడిపించే ప్రయత్నాలు చేసేవారు ఉంటారు. రోజువారీ జీవనోపాధిని దాని మీద ఆధారపరచవద్దు. ట్యాలీ సంగతీ ఇంతే.

ఆదాయపు పన్ను, జీఎస్‌టీ పనులకు లినక్స్ పనికిరాదన్నది మాత్రం పూర్తిగా నిజం కాదు. వ్యక్తిగత ఆదాయపు పన్ను రిటర్నును ఆధార్ ఓటీపీతో, సొంత పేరున నడిచే దుకాణం జీఎస్‌టీ రిటర్నును ఓటీపీ ఆధారిత ధ్రువీకరణతో, బ్రౌజర్‌లోనే ముగించవచ్చు. యూఎస్‌బీ టోకెన్ సంతకం తప్పనిసరి అయిన కంపెనీల పని ఉంటే విండోస్‌ను దగ్గర ఉంచుకోవడం మేలు. గడువు రోజు రాత్రి డ్రైవర్లతో కుస్తీ పట్టే సరదా ఎవరికీ ఉండదు.

## క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్, మరికొన్ని

గూగుల్ 2022లో విడుదల చేసిన క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్‌కు 4 జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ చాలు. నవీకరణలు తమంతట తామే జరిగిపోతాయి, చెడగొట్టడానికి లోపల ఏమీ ఉండదు. బ్రౌజర్ తప్ప మరేదీ తెరవని ఇంటికి ఇది చక్కగా సరిపోతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు మాత్రం రావు. ప్లే స్టోర్ ఉంటుందనుకొని వేసుకున్నవారు నిరాశపడతారు. గూగుల్ పరీక్షించిన మోడళ్ల జాబితా ఎక్కువగా కంపెనీ ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లతో నిండి ఉంటుంది. అసెంబుల్డ్ సిస్టమ్‌లో వేసి చూసుకోవలసిందే.

కొన్ని దుకాణాలలో "2032 దాకా నడిచే విండోస్ 10" వేసి ఇస్తామంటారు. వారు చెప్పేది ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 గురించి. దాని మద్దతు 2032 జనవరి వరకు ఉన్న మాట నిజమే. అది యంత్రాల తయారీదారులకు ఇచ్చే లైసెన్సు, ఇళ్లకు అమ్మేది కాదు. ఇంటికి వచ్చేది దొంగ యాక్టివేటర్‌తో (లైసెన్సు లేకుండానే విండోస్‌ను నడిపించే ప్రోగ్రామ్‌తో) కూడిన నకలు. అటువంటి యాక్టివేటర్ వేసిన సిస్టమ్‌లో కూర్చొని టీపీఎం లేదని బాధపడడం, గుమ్మం తీసి ఉంచి కిటికీ గొళ్లెం గురించి ఆలోచించడం వంటిది. ఎవరో కత్తిరించి కుదించిన "లైట్" విండోస్‌ల గురించీ ఇదే మాట. వాటిలో కొన్నింటికి నవీకరణలు తీసుకునే శక్తి కూడా ఉండదు.

## ఒకచోట చూసుకుంటే

| చూడవలసినది | విండోస్ 10 + ఈఎస్‌యూ | అనర్హపు విండోస్ 11 | లినక్స్ మింట్ 22 | క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ |
|---|---|---|---|---|
| భద్రతా సవరణలు | 2026 అక్టోబర్ 13 వరకు | వస్తున్నాయి, హామీ లేదు | 2029 వరకు | మోడల్‌ను బట్టి |
| ఇంటివారు చేయవలసిన పని | ఒకసారి నమోదు | ఒకటి రెండేళ్లకు ఒకసారి చేతితో అప్‌గ్రేడ్ | అప్పుడప్పుడు నవీకరణ బొత్తం నొక్కడం | ఏమీ లేదు |
| అనూ, ట్యాలీ | నడుస్తాయి | నడుస్తాయి | నమ్మలేం | నడవవు |
| 4 జీబీ ర్యామ్‌తో | సర్దుకోవచ్చు | వద్దు | బాగుంటుంది | బాగుంటుంది |
| కొత్తగా నేర్చుకోవలసింది | లేదు | కొద్దిగా | కొంత | కొంత |
| ఓఎస్ ఖర్చు | ఉచితం లేదా 30 డాలర్లు | ఉన్న లైసెన్సు చాలు | ఉచితం | ఉచితం |

## ఎవరికి ఏది

అమ్మానాన్నలు ఇద్దరే ఉండి, పిల్లలు దూరంగా ఉన్న ఇంటికి అడ్డదారి విండోస్ 11ను నేను సిఫారసు చేయను. అమెరికా నుంచి ఎనీడెస్క్‌లో (దూరం నుంచి మరో కంప్యూటర్‌ను నడిపే సాధనంలో) చూసి సరిచేస్తానని కొడుకు అనవచ్చు కానీ, సిస్టమ్ బూటే కానప్పుడు ఎనీడెస్క్ తెరుచుకోదు. వారికి ఈఎస్‌యూ ఉన్నంతకాలం విండోస్ 10, ఆ లోపు పిల్లలు వచ్చిన సెలవుల్లో మింట్ లేదా ఫ్లెక్స్. మారిన తర్వాత వారం రోజులైనా పక్కన ఉండగలిగిన సమయం చూసి మార్చాలి; ప్రయాణానికి ముందు రోజు రాత్రి మార్చకూడదు.

ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ఏది వేసినా నష్టం లేదు. మింట్ వేస్తే ఆ పిల్లలకు అదొక పాఠం కూడా అవుతుంది.

ట్యాలీ, టోకెన్ సంతకాలతో బతుకు నడిచే చిన్న వ్యాపారికి ఓఎస్ చిట్కాల కంటే యంత్రం మార్చడమే చవక. కార్యాలయాల నుంచి తీసేసిన ఎనిమిదో తరం ఐ5 డెస్క్‌టాప్‌లు సరిచేసి అమ్మే దుకాణాలు ఉన్నాయి. అవి విండోస్ 11కు పూర్తి అర్హత ఉన్నవి. కొనేముందు బిల్లు, వారంటీ, అసలైన విండోస్ లైసెన్సు మూడూ అడిగి తీసుకోవాలి. ఒక్కరోజు పని ఆగితే జరిగే నష్టంతో పోల్చి చూస్తే ఆ ధర భారం అనిపించదు.

## వేసే ముందు

2019 చివర్లో, విండోస్ 7 నుంచి 10కు మారేటప్పుడు, నాన్నగారి సిస్టమ్‌ను దగ్గర్లోని ఒక దుకాణానికి ఇచ్చాం. "డీ డ్రైవ్‌లో ఉన్నవి కదపం సార్, సీ ఒక్కటే ఫార్మాట్ కొడతాం" అన్నాడు అక్కడి కుర్రాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. నాన్నగారు మూడేళ్లుగా టైపు చేసిన పద్యాలన్నీ డెస్క్‌టాప్ మీద ఉండేవి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్ అని ఆయనకు తెలియదు, మేమూ చెప్పలేదు. ప్రింటు తీసి ఉంచినవి మాత్రమే మిగిలాయి.

అందువల్ల ఈసారి ఏ దారి ఎంచుకున్నా, ఉన్న డిస్క్‌ను ఫార్మాట్ చేయకపోవడమే నా మొదటి నియమం. కొత్త ఎస్ఎస్‌డీ కొని, పాత హార్డ్‌డిస్క్ తీగలు విప్పి పక్కన పెట్టి, కొత్త ఓఎస్‌ను ఎస్ఎస్‌డీ మీద వేయాలి. పని చెడితే ఎస్ఎస్‌డీ తీసి పాత డిస్క్ తగిలిస్తే ఐదు నిమిషాలలో ఇల్లు మునుపటి స్థితికి వస్తుంది. విండోస్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే, దాని రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోవాలి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, అనూ ఫాంట్ల ఫోల్డర్, ఈ నాలుగింటి నకలు మరో డిస్క్ మీద తీసుకోవాలి.

మా ఇంట్లో చివరికి రెండూ ఉంచుకున్నాం. 256 జీబీ ఎస్ఎస్‌డీ మీద మింట్ వేసి, మరో 4 జీబీ ర్యామ్ జోడించి, పాత హార్డ్‌డిస్క్‌ను విండోస్ 10తో సహా తిరిగి లోపలే తగిలించాను. రెండు ఓఎస్‌లూ ఒకే బూట్ పద్ధతిలో ఉండేలా చూసుకోవడం, డిస్క్ తగిలించాక బూట్ మెనూను ఒకసారి తాజా చేయడం అవసరమైంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేశాను. అది ఆన్‌లో ఉంటే మింట్ ఆ డిస్క్‌ను చదవగలదు కానీ దాని మీద రాయలేదు. విండోస్ వైపు నెట్‌వర్క్ అడాప్టర్‌ను కూడా నిలిపివేశాను కనుక, అనూ, ప్రింటర్ ఉన్న ఆ భాగం ఇంటర్నెట్ మొహం చూడదు. బ్యాంకు, యూట్యూబ్ ప్రవచనాలు, మనవరాలి వీడియో కాల్ అన్నీ మింట్‌లోనే. నాన్నగారు వాటికి "రాత పెట్టె", "చూపు పెట్టె" అని పేర్లు పెట్టుకున్నారు. మానిటర్ అంచున "రాతకు కింది బాణం, ఆ తర్వాత ఎంటర్" అని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం అతికించాం. ఆయన కళ్లద్దాలు వెతుక్కునేలోపే మెనూ దాటిపోతోందని, బూట్ మెనూ ఆగే సమయాన్ని 10 సెకన్ల నుంచి 30కి పెంచాను.